చుక్క తర్వాత

చీమకుర్తిలో రాత్రి పదకొండైనా
రాయి కోసే రంపం ఆగదు.
మా గది పాలిషింగ్ యూనిట్ మిద్దె మీద.
గ్లాసులో టీ కూడా వణుకుతూ ఉంటుంది.

తెర మీద ఒక చుక్క.
చుక్క తర్వాత రెండక్షరాలు: రాయి.
ఇంటర్నెట్టులో పేర్లకు చివర ఉండే తోక.
చుక్కకు ముందు ఎవరైనా దిగొచ్చు,
ఏడాదికింతని అద్దె కట్టి.
చుక్క తర్వాతది మాది.
మాదని బీరువాలో కాగితం ఉంది, స్టాంపుతో సహా.
బ్లాక్‌చెయిన్ కాగితాలు చదవదు.
నేను దాన్ని గొలుసంటాను, నోరు తిరుగుతుందని.

రుజువు చెయ్యమంటుంది గొలుసు.
మా పేరు లోపలికి మేమే వెళ్ళి
గోడ మీద మా తాళం గుర్తు రాసి రావాలి.
ఇల్లు నీది కాకపోతే లోపలిగోడ మీద ఎట్లా రాస్తావు?
వాదనంతా ఇంతే.
నలభై రెండు అక్షరాలు, సున్నాతో మొదలు.
వేలు పెట్టి మూడుసార్లు సరిచూశా.

రాత్రి కాపలా మస్తాన్‌వలి పైకొచ్చాడు, చార్జర్ కోసం.
సర్వే శాఖలో ముప్పయ్యేళ్ళు గొలుసు లాగిన మనిషి.
"ఏందమ్మే, గొలుసంటున్నావు?"
చెప్పాను.
"నీదని ఎవురు సంతకం పెట్టారు?"
మా పైవాడు.
"వాడికి?"
వాడి పైన వేరు. అన్ని పేర్లకూ మొదటి వేరు.
"వేరు పైనుంటదా? సర్లే. ఆ వేరుకెవురు?"
ఎవరూ లేరు. దాన్ని నమ్ముతాం.

నవ్వాడు, బీడీ వాసనగా.
"మాకూ అంతే. మూడూళ్ళ పొలిమేర రాయి కాడ మొదలెడతాం.
దాన్నెవురు పాతారో తాసిల్దారుక్కూడా తెలవదు."

మీట నొక్కాను.
రుసుము తీసుకుంది. ఆగమంది.
కింద రంపం బండలోంచి బయటపడి
కాసేపు గాలిని కోసింది.

అప్పుడు చెప్పాడు, నా వైపు చూడకుండా,
చార్జర్ తీగ వేలికి చుట్టుకుంటూ.
మర్రిపూడి అవతల, ఒక కరువేడు,
రాత్రిపూట ఒక హద్దురాయిని పదకొండడుగులు జరిపాడట.
తెల్లారి ఊరందరి ముందూ గొలుసు పరిచి కొలిచాడు.
నూరు కడియాలు, ఒక్కటీ తగ్గలేదు.
"గొలుసు అబద్ధమాడలేదమ్మే.
రేత్రి ఆడింది నేను."

ఆ చేను ఎవరిదని అడగలేదు.
అడగాల్సిందేమో.
మర్రిపూడి బస్సు ఇప్పటికీ ఎక్కడట.

తెర పచ్చబడింది.
చుక్క తర్వాతది మాదేనని
ఇక లోకంలో ఎవరైనా చూసుకోవచ్చు. చెరపలేరు.
నలభై రెండూ మళ్ళీ చదివా, నాలుగోసారి.
తప్పుంటే తప్పు కూడా అట్లాగే ఉండిపోతుంది,
ఇక్కడి నల్లరాయిలో ఇరుక్కున్న
బంగారు చుక్కల మాదిరి.

కింద మస్తాన్‌వలి టార్చి వేసి
పేర్చిన బండల మీద రంగు నంబర్లు చదువుతున్నాడు,
పైకే, ఒక్కోటీ.
పదిహేడు దగ్గర ఆగాడు.
మళ్ళీ మొదటి బండ దగ్గరికి నడిచాడు.