ఎనిమిది

పదికి ఎంత నొప్పి అని అడిగాను.
కాలమ్ రెన్నీ కప్పు వైపు చూస్తూ లెక్క వేసుకున్నాడు.
"పది అంటే నమ్మరు.
ఆరంటే పారాసిటమాల్ ఇచ్చి పడుకోమంటారు.
ఎనిమిది రాసుకో."

బేరం తెలిసినవాడు.
ఇన్నేళ్ళూ ప్రతి కౌంటరు ముందూ
తన బాధని తూకం వేయించుకున్నవాడు.

గజ్జలో గడ్డ కోసి, పగిలిన నాళం కట్టి
సాయంత్రం నాలుగింటికి వార్డుకి తెచ్చారు.
డండీలో డిసెంబరు, అప్పటికే చీకటి.
కిటికీ అవతల టే నది ఉందని నమ్మడమే, కనబడదు.

సూదికి చోటు వెతుకుతుంటే తనే చెప్పాడు,
ఇసుక మేటలు తెలిసిన పడవవాడిలా:
"అది ఎండిపోయింది. ఇది పోయి పదేళ్ళు.
బొటనవేలి మొదట్లో ఒకటి మిగిలింది,
దాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు."
ఎందుకని నేను అడగలేదు.
"మీలాంటోళ్ళ కోసం దాచాను"
నవ్వబోయాడు, కుట్లు లాగి ఆగిపోయాడు.

ఆదివారం. మందుల షాపు మూత.
రోజూ అక్కడ నిలబడి తాగే పచ్చటి మెథడోన్ ఎంతో
వాళ్ళు చెబితే తప్ప రాయనన్నాడు కొత్త డాక్టరు,
నిద్రలేక కళ్ళెర్రబడ్డ కుర్రాడు, పాపం.
చార్టులో మాత్రం ఒక ముక్క గీకి వెళ్ళాడు:
మాటిమాటికీ మందు అడుగుతున్నాడు.

అడగడా?
తొడ మీద పద్దెనిమిది కుట్లున్నవాడు
మందు కాక ఏమడుగుతాడు, మామిడిపళ్ళా?

పదకొండుకి చెమటలు మొదలయ్యాయి.
ఆవలింతలు, కారే ముక్కు, ఒళ్ళంతా గగుర్పాటు.
కాళ్ళు దుప్పటిని తంతున్నాయి.
కోత ఒకవైపు, కొరత ఒకవైపు
ఒక్క మనిషిని చెరో చెయ్యీ పట్టి లాగుతున్నాయి.

నాలుగో ఫోనుకి నొప్పి డాక్టరమ్మ ఏలీ గెడ్డిస్
నిద్రగొంతుతోనే తేల్చేసింది:
"రోజూ తాగేది మునిగిపోకుండా ఉండడానికి.
కోతకి అది చాలదు, వేరే ఇవ్వాలి.
రెండూ రాస్తాను, కొంచెం కొంచెంగా మొదలుపెట్టు.
పక్కనే కూర్చో. ఊపిరి లెక్కపెట్టు."

కూర్చున్నాను.
నిమిషానికి పద్నాలుగు. పదమూడు. పద్నాలుగు.

ఈ ఊళ్ళోనూ ఒకప్పుడు గోనె మిల్లులుండేవట.
మా అయ్య చిట్టివలస మిల్లులో మగ్గం నడిపాడు,
షిఫ్టు దిగి సారా కొట్టు దాటి రాలేకపోయేవాడు.
కడుపు కోసిన మర్నాడు పెద్దాసుపత్రిలో
చేతులు వణికిపోతూ చీమలో, చీమలో అని అరుస్తుంటే
"తాగుబోతు గాడు, కట్టేయండి" అంది ఒక గొంతు.
దేంతో కట్టారో గుర్తులేదు.
ముడి గుర్తుంది.

పదమూడు. పద్నాలుగు.

తెల్లారగట్ల వణుకు తగ్గింది.
కళ్ళు తెరవకుండానే అన్నాడు: "ఇప్పుడడుగు."
పదికి ఎంత?
చాలాసేపు తనలోకి తను చూసుకున్నాడు.
"నాలుగు. కాదు, నాలుగున్నర."
నాలుగున్నరకి చార్టులో గడి లేదు.
గీత మీదే చుక్క పెట్టాను.

తొమ్మిదికి షాపు తీశారు.
మోతాదు చెప్పే ముందు ఫోనులో ఆవిడ
గొంతు తగ్గించి అడిగింది:
"శనివారం రాలేదు. ఉన్నాడా?"

ఉన్నాడన్నాను.
అవతల కాసేపు కాయితాల చప్పుడు కూడా లేదు.