రెండు బూడిద రంగులు

డులూత్‌లో, సరస్సు మీద మంచు ఇంకా విరగని మార్చిలో
నా చేతికి పదకొండు కాగితాలిచ్చి పంపేశారు.
ఆఖరి కాగితంలో పేర్లు లేవు.
ఉద్యోగం, వయసు, ఉంచారా తీశారా.
మూడు గడులు, అంతే.
చట్టం అడిగింది కాబట్టి ఇచ్చారు.
సంతకానికి నలభై ఐదు రోజుల గడువు.

ఇరవై ఆరేళ్ళు లేబుళ్ళ ప్రెస్సులో సిరాలు కలిపాను.
జామ్ సీసా మీది నీలం,
చేపల డబ్బా మీది వెండి,
దగ్గుమందు మీద ఎంతకీ కుదరని ఆ మొండి ఎరుపు.
పేర్లు లేకపోతేనేం,
అంకె చూస్తే మనిషి తెలిసిపోతుంది నాకు.

యాభై తొమ్మిది, తీశారు. అది నేను.
అరవై రెండు, తీశారు. ఆర్విడ్.
యంత్రం మోత విని
బ్లేడు మొద్దుబారిందని చెప్పగలిగినవాడు.
యాభై ఏడు, తీశారు. ఇర్మా.
"వయసే," అన్నాను పైకి,
వంటింట్లో వినేవాళ్ళెవరూ లేకపోయినా.

అప్పుడు వేలు కిందికి జారింది.
అరవై నాలుగు, ఉంచారు.
డ్వేన్! పొద్దున్నే కుర్చీలో రెండు గంటలు కునుకు తీసే డ్వేన్.
జనవరి అంతా మేనేజరుతో కలిసి
గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె వేసుకుని
మంచుకి కన్నం పెట్టి చేపలు పడతాడు.
వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయితేనేం.
ఇరవై తొమ్మిది, తీశారు.
అది మై న్యా. మూడేళ్ళుగా నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల.
మేనేజరు జోకులకి ఒక్కసారీ నవ్విన పాపాన పోలేదు.

మా పనిలో ఒక మోసం ఉంది.
రెండు బూడిద రంగులు
ట్యూబులైటు కింద కవలల్లా ఉంటాయి.
కిటికీ దగ్గరికి తీసుకెళ్తే
ఒకదాంట్లోంచి ఆకుపచ్చ తొంగిచూస్తుంది,
ఇంకోదాంట్లోంచి ఎరుపు.
ఒక్క దీపం కింద చూసి ఒప్పుకోవద్దని
మై న్యాకి మొదటిరోజే చెప్పాను.

"ఎవరైనా ఏమైనా అన్నారా," అడిగింది వకీలు,
"కొత్త రక్తం, విశ్రాంతి, అలాంటి మాటలు?"
అన్నాడు. అక్టోబరులో రంగులు కొలిచే మిషను దిగినప్పుడు
"ఇక నీ కళ్ళకి సెలవు, మార్లిస్" అన్నాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ మాట నా వయసు మీదా, మిషను మీదా?
ఎన్ని దీపాల కింద పెట్టి చూశానో.
"తన వాళ్ళని ఉంచుకోవడం తప్పే,
కానీ ఆ తప్పుకి కోర్టులో కుర్చీ లేదు" అందావిడ.

సరే. కానీ ఆ గుడిసెలో ఉన్నవి నాలుగు స్టూళ్ళు.
మేనేజరుది పోగా
రెండు, ముప్పై దాటని కుర్రాళ్ళవి.
డ్వేన్‌ది నాలుగోది.
ఇష్టమే వయసు చూసి కూర్చోబెడుతోందా?
డ్వేన్ అందుకు సాక్ష్యమా, దాన్ని కప్పే దుప్పటా?

ఇక్కడిదాకా వచ్చాక నిద్ర పట్టలేదు.
హెల్మీ గుర్తొచ్చింది.
నేను చేరిన మూడో ఏడు,
ఆమెకి యాభై ఎనిమిది, నాకు ముప్పై ఆరు.
సిరా వేలికి రాసి వాసన చూడ్డం నేర్పింది ఆమే.
ఆమెని పంపి నన్ను ఉంచారు.
అప్పటి ఫోర్‌మన్ నా కాఫీ మెచ్చుకునేవాడు.
ఆ రోజు దానికి నేను పెట్టుకున్న పేరు
ప్రతిభ.

నలభై ఒకటో రోజు మై న్యా ఫోన్ చేసింది.
"మీదంటే వయసు. మరి నాదేంటి?"
నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
రేపు పదింటికి రా,
నా వంటింటికి ఉత్తరపు కిటికీ ఉంది.
నీ కాగితం, నా కాగితం
పక్కపక్కన పెట్టి చూద్దాం.
పెన్ను మాత్రం తేకు.