ఇకురా

తెల్లారుజాము నాలుగు. కాసిమేడు.
ఐసులోంచి చెయ్యి తీస్తే
వేళ్ళేవో నెత్తళ్ళేవో తెలియని చలి.
తెల్ల బూట్లాయన నా గంప ముందు గొంతుక్కూర్చుని
కనవాను వేలితో నొక్కి
"ఇకురా?" అన్నాడు.

ఇక రా?
నలభై ఏళ్ళ మనిషిని, పేరన్నా అడక్కుండా
పొద్దున్నే ఇక రా అంటాడేంది!
కత్తిపీట మీద కాలు తీసి లేచా.
పక్క గంప పళనిగాడు నవ్వాడు:
"రేటు అడుగుతున్నాడక్కా, జపాను హోటలు వంటాయన."

అది మొదటి పాఠం.
రెండోది ఆ కనవా పేరే, ఇకా.
ఇకా ఇకురా, ఇకా ఇకురా
రోజంతా వక్కలా నమిలా.

ఆయన కురమోతో.
నాకు నోరు తిరిగినంతలో కూరమోత.
పేరు చివర సాన్ పెట్టాలన్నాడు.
కత్తికి సాన పడతారని తెలుసు,
పేరుక్కూడా పడతారా?
పట్టా. కూరమోత సాన్.
నడుం వంచి నవ్వి
ఆ రోజు బేరం ఆడలేదు.

లెక్కలు తూకం దగ్గర వచ్చాయి.
ఒకటంటే ఇచి. చేప ఇచ్చి, డబ్బు పుచ్చుకుని నేర్చిందది.
మూడుకీ మళ్ళీ సానే.
తప్పితే నష్టం నాకే గాబట్టి
తొందరగానే వచ్చాయి.

ఓసారి టీ తాగుతా "కొప్పు" అన్నాడు.
నా చెయ్యి వెనక్కి పోయి ముడి తడిమింది.
ఊడలేదు.
ఆయన చూపు గ్లాసు మీదుంది.
మాలాగే వాళ్ళూ దొరల మాటకి
చివర ఓ కొమ్ము తగిలించి
ఇంటికి తెచ్చుకుంటారు గావాల.

మా తమ్ముడి కూతురు హిమజ
నుంగంబాక్కంలో ఫీజు కట్టి నేర్చుకుంటా ఉంది.
మూడు రకాల అక్షరాలు రాస్తది,
పరీక్షలో తొంభై రెండు.
తీసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టా.
పిల్లకి చెమట్లు.
మాటని తలలో కట్టి, విప్పి, మళ్ళీ కట్టి
నోరు తెరిచేసరికి
ఆయన రొయ్యల గంప కాడికి పోయాడు.

"తప్పు మాట్లాడవే తల్లీ" అన్నా.
"దిద్దేదాకా మనిషి
నీ దగ్గరే నిలబడతాడు."
మూతి ముడుచుకుని బస్సెక్కింది.

తుఫాను జెండా ఎగరేసిన వారం
పడవలు కదల్లేదు.
ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చున్నా.
చేపల్లేవని తెలిసీ వచ్చాడాయన, గొడుగు లేకుండా.
పైకి చూసి "అమే" అన్నాడు.

ఎవరామె?
అటూ ఇటూ చూశా.
పళనిగాడు తప్ప ఎవరూ లేరు.
రేకుల మీంచి కారుతా,
తాళ్ళేసి కట్టిన పడవల్ని తడుపుతా,
అవతల సముద్రం మీద సముద్రంలా పడతా
ఆమె.

"అమే" అన్నా నేనూ.
"నే" అన్నాడు.

ఆ నే అంటే మన గదా లాంటిదని
హిమజ సాయంత్రం పుస్తకం తీసి చూపించింది.
నేనప్పటికే
గదా అన్నట్టు తలూపేసి వచ్చా.