మూడో నంబరు నిక్కర్లు

బారోలో వాన పైనుంచి పడదు,
సముద్రం మీంచి అడ్డంగా వస్తుంది.
శనివారం ఆట అయ్యేసరికి
పదకొండు మంది బురద నా గదిలో కుప్ప.
నాకు ఫుట్‌బాల్ తెలీదు.
ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో పద్నాలుగేళ్ళలో
నలుగురు చెప్పారు, నాలుగు రకాలుగా.
నాకు బట్టలు తెలుసు.

గోలీ చొక్కా మోచేతుల దగ్గర చిరుగుతుంది.
తొమ్మిదో నంబరుకి చెమట కంటే సెంటు ఎక్కువ.
మూడో నంబరు ఎల్లిస్ బ్రాక్‌బ్యాంక్,
ఎడమ గీత వెంట గంటన్నర ఉరికేవాడు.
పందొమ్మిదేళ్ళప్పుడు
వాడి చొక్కా పిండితే సగం బకెట్టు.

ఇరవై రెండో ఏట, నవంబరులో,
లెక్కకి ఒక నిక్కరు తగ్గింది.
పై వారం ఇంకోటి.
మూడోది చెత్తడబ్బాలో దొరికింది, పేపర్లో చుట్టి.
తెల్ల నిక్కరు.
చూశాను. మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

నిమ్మళంగా బతకడాన్ని మావైపు
కడుపులో చల్ల కదలకుండా, అంటారు.
వీడి కడుపులో
కవ్వం ఆగడం లేదు.

మర్నాడు తనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు,
అంత పొడుగు మనిషీ, బడికి ఆలస్యమైనవాడిలా.
నేను టబ్బు చూపించాను.
రక్తానికి చన్నీళ్ళు, నాయనా.
వేడినీళ్ళు పోశావంటే మరక పాతుకుపోతుంది.
అంతా ఇంగ్లీషులోనే చెప్పాను,
'నాయనా' ఒక్కటీ తెలుగులో జారింది.

క్రోన్స్ అన్నారు డాక్టర్లు.
చంపదట. వదలదట.
ఎనిమిది వారాలకోసారి గురువారం చేతికి డ్రిప్పు,
శనివారం ఆట.
సూది దగ్గరి దూది ముక్క
ఆదివారం నా టబ్బులో తేలేది.

స్టెరాయిడ్లకి మొహం పూరీలా పొంగింది.
"మాంసం పైలు తగ్గించు బ్రాక్‌బ్యాంక్!"
గ్యాలరీలోంచి ఒకడు, వాడి వెనక వెయ్యి మంది నవ్వు.
ఆ వారమంతా వాడు తాగింది
నేను ఫ్లాస్కులో పోసిచ్చిన గంజి, ఉప్పేసి.

పరాయి ఊళ్ళకి వెళ్ళేముందు
ఒక చిన్న పుస్తకం తిరగేసేవాడు.
ప్రత్యర్థుల ఎత్తులు రాసుకున్నాడనుకునేవారు కుర్రాళ్ళు.
మైదానం నుంచి మరుగుదొడ్డికి ఎన్ని అడుగులో
ఊరూరికీ రాసుకున్నాడు.
ఒకచోట పదకొండు.
ఒకచోట నలభై, మధ్యలో మెట్లు.

ఒకరోజు నేనే పద్దులాయన పెనింగ్టన్ దగ్గరికెళ్ళి
తెల్లవి బురదకి ఆగడం లేదండీ,
సబ్బు ఖర్చు చూడండి, అన్నాను.
జీవితంలో నేనాడిన పెద్ద అబద్ధం అదే.
ఆ ఆగస్టు నుంచి నిక్కర్లు ముదురు నీలం.
అరవై ఏళ్ళ సంప్రదాయం మంట కలిపారని
పేపరుకి ఉత్తరాలు రాశారు పెద్దలు.
ఎల్లిస్ ఏమీ అనలేదు.
నా మెషీను బెల్టు వదులైతే బిగించి వెళ్ళాడు.

రెండడుగుల పేగు కోసిన ఏడు
గజ్జల్లో నొప్పి అని ప్రకటించింది క్లబ్బు.
అయిదు నెలలకి తిరిగొచ్చాడు.
చొక్కా ఒక సైజు తగ్గింది, నేనే కుట్టాను.

మొత్తం రెండొందల పద్నాలుగు ఆటలు.
మూడు గోల్సు, అందులో ఒకటి మా వలలోనే.

చివరికి పోయింది మోకాలు.
ముప్ఫై ఒకటో ఏట, వానలో, ఎవరూ తగలకుండానే.
కెమెరాల ముందు కూర్చుని
మోకాలండీ, మోకాలు, అన్నాడు,
ఆ మాట నోట్లో బెల్లంముక్కలా తిప్పుకుంటూ.
మోకాలంటే అందరికీ అర్థమవుతుంది.
లేచి నిలబడి చప్పట్లు కొట్టారు,
పైల గురించి అరిచినవాడూ ఉండే ఉంటాడు.

సామాను సర్దుకున్న రోజు నా గదికి వచ్చాడు.
సంచిలోంచి ఆ మొదటి నిక్కరు తీశాను.
ఎన్ని చన్నీళ్ళు పోసినా
పల్చటి టీ రంగులో ఓ నీడ మిగిలింది.
వెలుతురుకి ఎత్తి చూశాడు చాలాసేపు.
తీసుకెళతావా అంటే
ఉంచండి అన్నాడు.

ఇప్పుడు మూడో నంబరు ఎవరో వాల్నీ కుర్రాడు.
నిక్కరు నీలమెందుకో వాడు అడగడు.
వాడి బట్టలు
వేడినీళ్ళలోనే వేస్తున్నాను.