మిగతా సగం

ఎస్పీ రోడ్డులో రెండు గంటల బేరం.
యాభై వాట్ల పెట్టె నా జీతాన్ని చూసి నవ్వింది.
పాతిక వాట్లది, ఎవరో వాడి వదిలేసింది,
మైకు తీగ మెలికల్లో వాళ్ల చేతి జిడ్డుతో సహా కొన్నాను.

యాంటెన్నా మాత్రం పొడుగ్గా కావాలన్నాను.
నంజప్ప నా ఓమ్నీ నెత్తిమీద తట్టాడు:
"మూరెడు కడ్డీ చాలు. మిగతా సగం ఈ రేకే."
పన్నెండేళ్లుగా ఎండకి కాలడం తప్ప
ఏమీ రాదనుకున్న రేకు!

సిగరెట్ లైటర్లో గుచ్చబోతే చెయ్యి పట్టుకున్నాడు.
బ్యాటరీ నుంచి నేరుగా రెండు తీగలు, రెండు ఫ్యూజులు,
గోళ్లలో గ్రీజు.
అయినా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా
స్పీకర్లో ఒక దోమ.

హెబ్బాళ ఫ్లైఓవర్ మీద అన్నీ ఆగిపోయాయి.
ఇంజను ఆపితే దోమ కూడా ఆగింది.
లైసెన్సు కాగితం మీది నా కొత్త పేరు,
ఆ నాలుగు అక్షరాలూ ఒక అంకే,
మొదటిసారి పైకి అన్నాను.
సర్రుమని ఖాళీ.
మళ్లీ అన్నాను, ఈసారి కొంచెం సిగ్గుగా.

"బాగా వినిపిస్తున్నారు," ఎవరో పెద్దావిడ,
"మీ వెనకే, మూడో కారు.
మీ యాంటెన్నా పక్కకి ఒరిగింది, చూసుకోండి."

పొద్దున బేస్‌మెంటు దూలం తగిలినట్టుంది.
దిగి, అయస్కాంతాన్ని రేకు మధ్యకి జరిపాను.
వేడిగా ఉంది రేకు.
చెయ్యి వెంటనే తియ్యలేదు.