కొసరు

ఉస్కుదార్ రేవు దాటి ఏటవాలు వీధెక్కితే
చేపలకొట్టు మీద మేడ, మా దుకాణం.
జిగురు, మేకతోలు, ఇత్తడి రజను,
మెట్ల సందుల్లోంచి ఎగబాకే నీచువాసన.
గారబెత్ ఉస్తా కానూన్లకు మీటలు బిగిస్తాడు.
మూడేసి తీగల వరస, ఒక్కోదాని ఎడమ చివర
గోరంత మీటలు, ఆరో ఏడో;
లేపితే స్వరం గింజంత పైకి, వాలిస్తే గింజంత కిందికి.
నేను లెక్కలు చదివి ఈ పనికి వచ్చినదాన్ని.
ఆయన చెవి మీద నాకు గురి లేదు,
నా యంత్రం మీద ఆయనకు లేదు.

మొదటి వారమే పలక మీద గీసి చూపించాను:
పంచమం మీద పంచమం, పన్నెండు పేర్చుకుంటూ పోతే
బయల్దేరిన గుమ్మానికే రావాలి కదా,
రాము. ఇంత ముక్క మిగిలిపోతుంది.
ఆ మిగులుకే కోమా అని పేరు.
నిండు మెట్టుకు అవి తొమ్మిది, స్థాయికి యాభై మూడు.
నాలుగు స్వరాల ముక్కకు ఐదు స్వరాల ముక్క అతికిస్తే
నిచ్చెన తయారు.
ఆకురాయి ఆపకుండానే ఆయన అన్నాడు:
"నిచ్చెన సరే. ఉష్షాక్‌కూ బయాతీకీ నిచ్చెన ఒకటే.
ఒకడు కింది మెట్టు నుంచి తడుముకుంటూ ఎక్కుతాడు,
ఒకడు నాలుగో మెట్టు మీద కూర్చుని కబుర్లు మొదలెడతాడు.
చీకట్లో అడుగుల చప్పుడు విని
వచ్చిందెవరో నీ పలక చెబుతుందా?"

మార్చిలో, వాన ఆగని మంగళవారం
సబాహత్ హనిమ్ దుప్పట్లో చుట్టి తెచ్చింది
పోయిన అక్క ముఫీదె వాయించిన కానూన్.
సంగీత పాఠశాల కొంటానంది, కొలత సరిపోతే.
ఉస్తా భోజనానికి వెళ్లాడు. కొలిచాను.
వరసలన్నీ బుద్ధిగానే ఉన్నాయి,
సెగాహ్ వరసలో మాత్రం
రెండు మీటల నడుమ ఇరికించిన దొంగమీట.
చెంచా కాడ కోసి సాగగొట్టింది, వంకర,
లెక్క కన్నా కోమాన్నర దిగువన పలుకుతుంది.
ఏ పట్టికలోనూ లేదు.
"దోషం: 1" అని రాసి, పట్కారుతో పీకి,
చిల్లిలో మైనం పూడ్చాను.
చక్కగా కుదిరింది కూడా, నిజానికి.

గురువారం ఆమె వచ్చింది.
"నాకు వాయించడం రాదు" అంది. "అక్కకు ఎడమచేయి పడిపోయాక
తీగ తను మీటేది, మీటలు నేను వేసేదాన్ని.
పదకొండేళ్లు. ఒక్కసారి వెయ్యనిస్తారా?"
ఉస్తా వేళ్లకు ఉంగరాలు తొడుక్కున్నాడు.
ఉష్షాక్. ఎక్కడం బాగానే సాగింది.
దిగేటప్పుడు, దూగాహ్ మీద ఆనబోయే ముందు,
ఆమె బొటనవేలు సెగాహ్ దగ్గరికెళ్లి
మైనం మీద ఆగింది.
తడిమింది. మళ్లీ తడిమింది.
"ఇక్కడ ఒకటి ఉండేది" అంది,
మా ఇద్దరితో కాదు, చెక్కతో.
ఉస్తా నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

చెత్తడబ్బా బోర్లించాను.
రంపపు పొట్టు, తెగిన నైలాను తీగలు, ఆలివ్ గింజలు,
మోకాళ్ల మీద, సెల్‌ఫోన్ వెలుగులో గంటన్నర.
దొరికింది. మైనం తవ్వి, పాత మేకే మళ్లీ దించాను.
తిన్నగా చేయబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది.
"వంకర తీయకమ్మా.
పైకి పోయేటప్పుడు దీన్ని ముట్టుకోకూడదు.
దిగేటప్పుడే. అలసిపోయినవాళ్లకి ఇది."

పాఠశాల వాళ్లు వద్దన్నారు. ఒక మీట అదనమట.
కానూన్ మళ్లీ దుప్పట్లో, టాక్సీ వెనకసీట్లో,
వానలోంచి వానలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం కిందికి దిగి అరకిలో హంసీ చేపలడిగాను.
ముల్లు నిలువునా నిలిచింది.
ఏదో గుర్తొచ్చినట్టు ఆగి
చేపలాయన ఇంకో నాలుగు గుప్పిట్లో తీసి పొట్లంలో పడేశాడు,
తూకం వైపు చూడకుండానే.
ఇవి దేనికని అడిగాను.
నన్ను వింతగా చూశాడు.