అసురసంధ్య వేళ ఒక రాయి

బేరువలలో రాళ్ల బజారుకి పొద్దున్నే వెళ్లాలి.
నడినెత్తి ఎండలో
గాజుపెంకు కూడా గొప్పింటి బిడ్డలా కనబడుతుంది.
నా దగ్గర నగ చేయించుకునేవాళ్లకు
నేను ముందు నేర్పేది ఇదే: తెల్లారే లేవడం.

సుమనావతికి నేర్పక్కర్లేకపోయింది.
ముప్పై నాలుగేళ్లు గాల్ ఆసుపత్రిలో, ఎముకల వార్డులో
రాత్రి డ్యూటీ చేసిన నర్సు.
నాకంటే ముందే బస్టాండులో ఉంది.
సంచిలో పెన్షన్ డబ్బు, పసుపు బల్బు టార్చి,
అరటాకులో చుట్టిన అన్నం.

"రంగు మారే రాయి కావాలి. మెడలోకి.
నా డబ్బు, నా మెడ" అంది,
నేనేమీ అడగకముందే.

మర్జూక్ హాజియార్ వరండాలో చాప పరిచి
తెల్లకాగితం పొట్లాలు ఒక్కొక్కటీ విప్పాడు.

మొదటిది మరీ మంచిది.
ఎండలో నెమలిపింఛం, దీపానికి నెత్తురు,
ఒక్క మచ్చ లేదు.
భూతద్దం పెట్టాను: లోపల సన్నటి గీతలు
గ్రామఫోను పళ్లెం మీద లాగా వంపు తిరిగి ఉన్నాయి.
భూమి అలా గీయదు. ఇది కొలిమి కన్న బిడ్డ.
"నీ కళ్లింకా ఉన్నాయో లేదో చూద్దామని" నవ్వాడు హాజియార్.

రెండోదానికి కడుపెక్కువ.
తూకం కోసం సానవాడు కొవ్వు కరగనివ్వలేదు.
నడుమ పెద్ద కిటికీ. అందులోంచి కింది పేపర్లో
నిన్నటి క్రికెట్ స్కోరు చదివాను.

మూడోది పగలు జామాకు, రాత్రి
మరిగి మరిగి చేదెక్కిన టీ.
మారడం అందరూ మారతారు,
దేనిలోకి అన్నదే కదా బేరం.
రెండు రంగుల్నీ విడివిడిగా చూడండి, అన్నాను,
ఏ ఒక్కటైనా సరే, అదొక్కటే ఉన్నా కొంటారా?

నాలుగోదాన్ని ఆవిడ తానే ఏరింది.
ఎండలో పచ్చి చింతకాయ, టార్చి కింద దానిమ్మ గింజ.
అడ్డూ ఆపూ లేని మార్పు.
ధర విన్నాక
తన మణికట్టు తానే పట్టుకుని
నాడి చూసుకుంది.

ఐదోది కందిగింజ కంటే కాస్త పెద్ద.
ఆకుపచ్చలో నీలం, దీపానికి మంగుస్తాన్ తొక్క.
మార్పు ముప్పాతిక వంతే.
లోపల ఒక మూల సూదిలాంటి గీత.

ఇక తేల్చుకుంటుందనుకున్నాను.
"సాయంత్రం దాకా ఉంటాను" అంది.
అన్నం తింది. గోడకి ఆనుకుని
కూర్చునే నిద్రపోయింది, అలవాటైన మనిషి.
హాజియార్ మనవడు ఇఫామ్ టీ తెచ్చి, లేపాలా అని
నా వైపు చూశాడు. వద్దన్నాను.

మసీదు నుంచి పిలుపు వినబడ్డాక లేచింది.
బయట పగలూ కాదు, రాత్రీ కాదు.
"నేను వార్డుకెళ్లే వేళ ఇది.
పగలంతా ఓర్చుకున్నవాళ్లు
సరిగ్గా ఇప్పుడే అమ్మని పిలుస్తారు."
అరచేతిలో రెండు రాళ్లూ పెట్టుకుని
వాకిట్లో నిలబడింది.

ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను,
రాళ్లను ఆ వెలుతురులో ఎన్నడూ చూడలేదు.
నాలుగోదానిలో పచ్చా ఎరుపూ కలబడి
రెండూ చచ్చి, బూడిద మిగిలింది.
చిన్నది మాత్రం
నేరేడుపండు మీది మసకలా
ఏదో ఒక రంగుగా నిలబడింది.
ఆ రంగుకి నా దగ్గర పేరు లేదు.

"ఇది" అంది.
సూదిగీత చూపించి ధర తగ్గించమన్నాను.
"సూదిని ఏమీ అనకండి" అని ఆవిడే అడ్డొచ్చింది.
హాజియార్ మొహం వెలిగింది, నా బేరం ఆరింది.

వెనక మూయకుండా కడతానన్నాను, వెలుతురు ఆరపార పోవాలని.
గొలుసు ఒక బెత్తెడు పొడుగు పెట్టమంది,
తల వంచితే అద్దం లేకుండా కనబడాలట.

తిరుగు బస్సులో తెల్లటి ట్యూబులైటు.
పొట్లం విప్పి టార్చి వేసింది, ఆర్పింది, వేసింది.
హిక్కడువ దాటినా ఆపలేదు.
కండక్టరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.
నేను బయానా అడగడం మరిచిపోయాను.